అప్‌డేట్: కరెంటు పొయ్యి మీద పోపు మాడడం ఆగింది, దోసె మిగిలింది

అద్దె ఇంట్లోని గాజు పలక కరెంటు పొయ్యి మీద పోపు మాడిపోతోందని, అన్నం పొంగి పొర్లుతోందని, 1 నుంచి 9 వరకు ఉన్న అంకెల్లో దేన్ని ఎప్పుడు పెట్టాలో తెలియడం లేదని కిందటి నెలలో అడిగాను. మీరు చెప్పినవన్నీ మూడు వారాలుగా చేసి చూశాను.

నా అసలు పొరపాటు గ్యాసు అలవాటే. గ్యాసు మంట తగ్గించగానే వేడి తగ్గుతుంది. ఇక్కడ అంకె తగ్గించినా పలకలో నిలిచిన వేడి గిన్నెను కాసేపు కాలుస్తూనే ఉంటుంది. పైగా 3లో పెడితే లోపలి తీగ సన్నగా వెలగదు, ఎర్రబడి, ఆరి, మళ్లీ ఎర్రబడుతుంది. అది పాడైందనుకుని ఇంటి యజమానికి ఫోన్ చేయబోయాను కూడా!

ఇప్పుడు నూనెను 5లో కాచి, ఒక్క ఆవగింజ వేసి, అది చిటపటమన్నాకే మిగతా ఆవాలు, మినప్పప్పు వేస్తున్నాను. పప్పు రంగు తిరగడం మొదలవగానే పొయ్యి కట్టేసి, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు మిగిలిన వేడిలోనే వేయిస్తున్నాను. అన్నానికి ఎసరు 9లో మరిగించి బియ్యం వేశాక, మళ్లీ ఉడుకు పట్టగానే, 2లో ముందే వేడెక్కించి ఉంచిన పక్క పొయ్యి మీదికి గిన్నె మారుస్తున్నాను. ఈ ఉపాయం చెప్పినవారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

దోసె మాత్రం ఇంకా కుదరలేదు. ఊరి నుంచి తెచ్చిన పెనం అడుగు ఉబ్బి ఉండడంతో అంచు నొక్కితే గాజు మీద ఊగుతోంది. దోసె నడుమ మాడి, అంచులు పచ్చిగా ఉంటున్నాయి. చదునైన అడుగున్న ఇనుప పెనం కొన్నాక మళ్లీ రాస్తాను.