బ్లూ మూన్ అంటే మన "అమాసకో పున్నానికో"నే కదండీ

మొన్న ఒకరు "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్"ని తెలుగులో ఏమనాలి అని అడిగితే కింద ఇంకొకరు "నీలి చంద్రుడు వచ్చినప్పుడు" అని రాశారు, చూసి ఊరుకోలేకపోయా. మనకి ఆ పనికొచ్చే మాట ఇంట్లోనే ఉంది, "అమాసకో పున్నానికో". "మావాడు అమాసకో పున్నానికో ఫోన్ చేస్తాడు" అంటే "హి కాల్స్ మి వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్", అంతే.

అమాసా పున్నం పదిహేను రోజులకోసారి వస్తూనే ఉంటాయి, అదేం అరుదు నాన్నా అని మా అబ్బాయి అడిగాడు 😄 మాటకి పంచాంగం లెక్క కట్టకూడదురా అన్నా. ఒక్క తేడా మాత్రం ఉంది, మన మాటలో తరచుగా దెప్పుడు వినిపిస్తుంది, ఇంగ్లీషుదాంట్లో అది లేకుండా కూడా అంటారు, "నేను స్వీట్లు తినేది ఎప్పుడో ఒకసారి" అని మామూలుగా చెప్పడానికి కూడా సరిపోతుంది.

ఇక ఒకే నెలలో రెండు పౌర్ణములొస్తే రెండోది బ్లూ మూన్, అందులోంచే ఈ మాట పుట్టింది అని వాట్సాప్‌లో తిరుగుతోంది కదా, అది తిరగేసిన కథ. మాట 19వ శతాబ్దంలోనే ఉంది. ఈ రెండో పౌర్ణమి అర్థం 1946లో అమెరికాలో స్కై అండ్ టెలిస్కోప్ పత్రికలో వచ్చిన పొరపాటు, పాత పంచాంగంలాంటి పుస్తకంలో ఒక రుతువులో నాలుగు పౌర్ణములు పడితే అందులో మూడోదాన్ని అలా అనేవాళ్లు, వ్యాసం రాసినాయన దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాడు, ఆ తప్పే నిలబడిపోయింది. నిజంగా నీలంగా కనపడటం వేరే సంగతి, 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలాక ఆ బూడిద వల్ల చంద్రుడు అలా కనిపించాడు.

నాకు బాగా నచ్చింది ఇది: 19 ఏళ్లకి 228 నెలలు, పౌర్ణములేమో 235. మిగిలిన ఆ 7 వాళ్లకి బ్లూ మూన్లు, మనకి అధిక మాసాలు! 2023లో అధిక శ్రావణం, ఆగస్టు 31న బ్లూ మూన్. 2026లో అధిక జ్యేష్ఠం, మే 31న బ్లూ మూన్. ప్రతిసారీ ఇంత దగ్గరగా పడవులెండి. కానీ అదే మిగులు నెల మీద మనవాళ్లు కట్టిన సామెత "దుర్భిక్షంలో అధికమాసం", తిండికే లేకపోతే ఇంకో నెలా అని.

నేర్చుకునేవాళ్లకి: "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్"ని ఎక్కువగా వాక్యం చివర పెడతారు, అరుదుగానైనా మళ్లీ మళ్లీ జరిగేవాటికే వాడతారు. "నా పెళ్లి వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ జరిగింది" అన్నారనుకోండి, ఎన్ని పెళ్లిళ్లయ్యాయి మీకు అంటారు. అక్కడ కావాల్సింది "వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్".