అప్‌డేట్: మెడ నొప్పికి డ్రై నీడ్లింగ్ చేయించుకున్నాను

మెడకీ భుజానికీ మధ్య కండరం పట్టేస్తే, ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో మా ఫిజియోథెరపిస్ట్ డ్రై నీడ్లింగ్ (పట్టేసిన కండరంలోకి సూది గుచ్చే చికిత్స) చేద్దామన్నారని, భయంగా ఉందని అడిగాను కదా. చేయించుకున్నాను. ధైర్యం చెప్పిన అందరికీ చాలా థాంక్స్ అండీ.

సూదిలో మందేమీ ఉండదు. వెంట్రుకలా సన్నటి సూది, సీల్డ్ ప్యాకెట్ నా ముందే చింపారు. కండరాన్ని వేళ్లతో పైకి ఎత్తి పట్టుకుని, గట్టిపడిన ముడిలోకి దించారు. గుచ్చడం పెద్దగా తెలియలేదు గానీ, ముడికి తగలగానే కండరం దానంతటదే టక్కున అదిరింది. ఆ అదురు మంచిదేనట. మర్నాడు మాత్రం దెబ్బ తగిలినట్టు సలిపింది, అది మామూలే.

అలా ఎత్తి పట్టుకోవడం ఎందుకో తెలుసుకోండి. కింద ఊపిరితిత్తి ఉంటుంది. సూది లోతుగా దిగితే దానికి తగలొచ్చు. అరుదే, కానీ ఆ తర్వాత ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అందుకే శిక్షణ ఎక్కడ తీసుకున్నారో అడగడానికి మొహమాటపడకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి.

ఇది ఆక్యుపంక్చరేనా అని ఒకరు అడిగారు. సూది అలాంటిదే, ఆలోచన వేరు. ఇక్కడ చూసేది కండరంలోని ముడిని. నొప్పికి ఇచ్చే ఇంజెక్షన్లలో మందు కాదు, సూదే నొప్పి తగ్గిస్తోందని చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 1979లోనే రాశారు.

ఇప్పుడు మెడ తిప్పి బండి మీద వెనక్కి చూడగలుగుతున్నాను. ఫిజియో నేర్పిన వ్యాయామాలు మానలేదు, సగం గుణం వాటిదేనని నా నమ్మకం.