పదవీ విరమణ తరువాత ప్రభువు నా నుండి ఏమి కోరుతున్నాడు?

ప్రశ్న: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి

అందరికీ ప్రభువు నామమున వందనములు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేరి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ పొందాను. నా వయసు 68. నా భార్య ప్రభువునందు నిద్రించింది. కుమారుడు హైదరాబాదులోను, కుమార్తె అమెరికాలోను స్థిరపడ్డారు. పింఛను వస్తోంది, సొంత ఇల్లు ఉంది, పిల్లలు క్రమం తప్పకుండా ఫోన్ చేస్తారు. కనుక నాకు లోటు ఉందని చెప్పడం కృతఘ్నత అవుతుంది.

అయినా ఉదయం వాక్యం చదువుకుని, ప్రార్థన ముగించి లేచేసరికి, ఈ రోజు నేను చేయకపోతే ఆగిపోయే పని ఒక్కటైనా లేదన్న ఆలోచన మనసును పట్టుకుంటోంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం బడి గంట నా రోజును నడిపించింది. ఇంట్లో మనిషి ఉన్నంతకాలం ఆమె మందులు, ఆమె భోజనం, ఆమెతో కలిసి చేసే సాయంకాలపు కుటుంబ ప్రార్థన నడిపించాయి. మా సంఘంలో నన్ను కోశాధికారిగా ఉండమన్నారు, ఉన్నాను, కానీ ఆ లెక్కలు నెలకు ఒక పూటలో పూర్తవుతాయి. మిగిలిన పనులన్నీ యువకులు చక్కగా చేస్తున్నారు. ఏదైనా చేయబోతే “మీరు కూర్చోండి మాస్టారూ, మేము చూసుకుంటాము” అంటారు. అది గౌరవంతో అన్న మాటే అయినా, ఆ గౌరవమే నన్ను పక్కన కూర్చోబెడుతోంది.

వృద్ధాప్యంలో, బలం క్షీణించినప్పుడు తనను విడిచిపెట్టవద్దని 71వ కీర్తనలో భక్తుడు వేడుకుంటాడు. అదే కీర్తనలో ఇంకొంచెం ముందుకు వెళితే, రాబోయే తరానికి దేవుని బలాన్ని తెలియజేసే వరకు తనను ఉంచమని కూడా అడుగుతాడు. మొదటి ప్రార్థన నాకు అర్థమవుతోంది. రెండవదాన్ని తెనాలిలో, షుగరు జబ్బుతో, అరిగిన మోకాళ్లతో, ఏ పదవీ లేకుండా ఎలా ఆచరించాలన్నదే నా ప్రశ్న. ప్రార్థన చేసుకోండి అన్న సలహా కంటే, ఈ వయసులో ఇటువంటి పని చేస్తున్నవారి అనుభవం వినాలని కోరుతున్నాను.


జవాబు: విశ్రాంత నర్సు, రాజమహేంద్రవరం

మాస్టారు గారికి వందనములు.

ముందుగా ఒక పని చేయండి. మీ సంఘ సభ్యుల పట్టీ మీ చేతిలోనే ఉంటుంది కనుక, అందులో గత సంవత్సరం వరకు ఆదివారం ఆరాధనకు వచ్చి ఇప్పుడు రాలేకపోతున్నవారి పేర్లు వేరుగా రాసుకోండి. పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముక విరిగి మంచం పట్టినవారు, చూపు తగ్గి గడప దాటనివారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. జబ్బు చేసిన మొదటి నెలలో ఇల్లంతా పరామర్శకు వచ్చినవారితో నిండిపోతుంది. మూడు, నాలుగు నెలలు గడిచాక ఆ గుమ్మం తొక్కేవారు ఉండరు. మీరు వెళ్లవలసింది అప్పుడే.

మంచంలో ఉన్నవారి కంటే ఒక్కొక్కసారి వారిని చూసుకునేవారి పరిస్థితి కష్టంగా ఉంటుంది. అత్తగారి పక్క మారుస్తూ, డైపర్లు మారుస్తూ, రాత్రిళ్లు మేలుకుంటూ నెలల తరబడి గుడికి రాలేకపోయిన కోడళ్లను నేను చూశాను. వారి ఇంటికి వెళ్లి, “అమ్మా, నేను రెండు గంటలు ఇక్కడ కూర్చుంటాను, నీవు బ్యాంకుకో, నీ సొంత ఆరోగ్యం చూపించుకోవడానికో, ఆరాధనకో వెళ్లి రా” అని చెప్పగలిగినవారు చాలా అరుదు. దానికి మోకాళ్ల బలం అక్కరలేదు. గురువారం పదింటికి వస్తానని చెప్పి ప్రతి గురువారం పదింటికే వెళ్లే నియమం చాలు, అది జీవితమంతా బడి గంటతో నడిచిన మీకు అలవాటైన నియమమే.

వెళ్లిన చోట ఎలా మసలుకోవాలో కొంత చెబుతాను, ఎందుకంటే మంచి మనసుతో వెళ్లినవారు కూడా తెలియక రోగిని ఇబ్బంది పెడుతుంటారు. పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టమై నీళ్లు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. ఇంటివారిని అడగకుండా ఏమీ తాగించకూడదు. ఇవ్వమంటే నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో, తొందర లేకుండా ఇవ్వాలి. మందులు మార్చే సలహాలు ఇవ్వకూడదు. రోగి వింటుండగా ఆమె గురించి ఇంకొకరితో, ఆమె అక్కడ లేనట్టుగా మాట్లాడకూడదు. కళ్లద్దాలు మురికిగా ఉంటే తుడిచి పెట్టండి. వాచీ ఆగిపోతే సెల్లు వేయించండి. ప్రార్థన చిన్నదిగా ఉండాలి, కీర్తన ఒక్కటి చాలు. మాట పడిపోయిన ఒక పెద్దాయన మంచం పక్కన కూర్చుని, ఆయనకు చిన్ననాటి నుండి తెలిసిన కీర్తన నేను మెల్లగా అందుకున్నప్పుడు, తన సొంత బిడ్డ పేరు పలకలేని ఆ మనిషి చరణం చివరి మాటలు నాతో కలిసి పాడారు. మెదడులో మాటకు, పాటకు దారులు పూర్తిగా ఒకటి కావు కనుక ఇలా జరుగుతుందని వైద్యం చెబుతుంది. అది తెలిసినా నాకు ఆ రోజు కలిగిన ఆశ్చర్యం తగ్గలేదు.

1883లో గుంటూరుకు వచ్చి, ఆడవారికి ఆసుపత్రి కట్టించి, 1930లో ఆ ఊరిలోనే కన్నుమూసిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారి పేరు మీరు వినే ఉంటారు. మిషన్ ఆసుపత్రులలో పనిచేసిన పెద్ద నర్సులు మాకు మంచం పక్కన నిలబడి కాదు, కూర్చుని మాట్లాడమని నేర్పారు. నిలబడినవారు వెళ్లిపోతారని రోగికి తెలుసు.

ఒక్క మాట. మన సంఘస్థుల దగ్గరే ఆగవద్దు. మీ వీధిలో ఉన్నవారు హిందువులైనా, ముస్లిములైనా అదే ఓర్పుతో వెళ్లండి. ప్రార్థన చేయమంటారా అని అడిగి, వద్దంటే సంతోషంగా ఊరుకోండి. సహాయానికి ప్రతిఫలంగా ప్రార్థన వినిపించడం ప్రభువు నేర్పిన పద్ధతి కాదు. సమరయుడు గాయపడినవాడిని సత్రానికి చేర్చాడు గానీ, వాడి మతం ఏమిటని అడిగినట్టు ఎక్కడా లేదు.


జవాబు: సంఘ కాపరి, గుంటూరు జిల్లా

మాస్టారు గారూ, మీ ప్రశ్న మా వంటి కాపరులకు కూడా వేయవలసిన ప్రశ్న. పెద్దవారికి మేము కమిటీలో కుర్చీ ఇస్తాము, లేదా పండుగనాడు శాలువా కప్పుతాము. ఆ రెండింటి మధ్య ఉన్న పని గురించి ఆలోచించము.

సంఖ్యాకాండము 8వ అధ్యాయంలో లేవీయుల గురించి ఒక నియమం ఉంది. 25 ఏళ్ల నుండి వారు గుడార సేవ చేయాలి, 50 ఏళ్లకు ఆ బరువు పని మానాలి. అయితే ఆ తరువాత ఇంటికి పొమ్మని లేదు. తమ సహోదరులతో కలిసి గుడారంలో కావలి ఉంటూ సహాయపడవలెనని ఉంది. అంటే బరువులు మోసే పని మారింది గానీ, సహోదరుల పక్కన ఉండవలసిన స్థలం మారలేదు. విరమణ అన్న మాటను మనం ప్రభుత్వ ఉద్యోగపు నిబంధనల నుండి తెచ్చుకున్నాము. లేఖనంలో ఉన్నది పని మార్పు మాత్రమేనని నా అభిప్రాయం.

మన లూథరన్ చరిత్రనే చూడండి. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గారిని మనం ఏటా స్మరించుకుంటాము. అప్పటికే ఆయనకు 49 ఏళ్లు. కానీ నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం అది కాదు. ఆయన అమెరికాకు తిరిగి వెళ్లి వృద్ధుడైన తరువాత, మనుషులు లేక రాజమండ్రి మిషన్‌ను మరొక సంస్థకు అప్పగించబోతున్నారని తెలిసి, 1869లో 76 ఏళ్ల వయసులో తానే వెళతానని ముందుకు వచ్చి, ఓడ ఎక్కి మళ్లీ గోదావరి తీరానికి చేరుకున్నారు. ఇక్కడ ఉన్నది కొద్దికాలమే, 1871లో తిరిగి వెళ్లారు. కొత్తగా సంఘాలు స్థాపించడానికి ఆయన రాలేదు. తరువాతివారు వచ్చి పని అందుకునే వరకు ఆ చోటును నిలబెట్టడానికి వచ్చారు. పెద్దవారు చేయగలిగిన సేవలో ఇది చాలా విలువైనది: ఒక కుటుంబం, ఒక బిడ్డ, ఒక చిన్న సంఘం తమ కాళ్లపై నిలబడే వరకు వారి పక్కన ఉండడం.

మీరు అనుమతిస్తే ఒక ప్రత్యేకమైన సూచన చేస్తాను. పదవ తరగతి లెక్కలలో తప్పిన పిల్లలు మీ పేటలో తప్పక ఉంటారు. ట్యూషన్ కేంద్రం పెట్టవద్దు. ఇద్దరిని తీసుకోండి, వారితో పాటు వారి తల్లిదండ్రులను కూడా తెలుసుకోండి.


జవాబు: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, ఖమ్మం

నేను చేస్తున్న పని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరు కూడా బోధించినవారే.

మా సంఘంలో బైబిలును ఒడిలో పెట్టుకుని కూర్చునే వృద్ధ స్త్రీలలో చాలామందికి చదవడం రాదు. వారికి కీర్తనలు కంఠస్థం, వాక్యాలు కంఠస్థం. చిన్నతనంలో పత్తి చేలకు, మిరప చేలకు కూలికి వెళ్లినందువల్ల బడి దక్కలేదు. డెబ్బై ఏళ్ల మనిషికి ఇప్పుడు చదువు ఎందుకని పిల్లలు అంటారు, ఆ మాట విని వారు సిగ్గుపడి ఊరుకుంటారు. నేను స్త్రీల సమాజం కూడిక ముగిశాక ముగ్గురిని ఆపి నేర్పడం మొదలుపెట్టాను.

మొదట అక్షరాలు కాదు, కంటి పరీక్ష. శుక్లం వచ్చిన కంటికి “మ”, “య” ఒకేలా కనిపిస్తే అది మొద్దుతనం అనుకుని వారు కుంగిపోతారు. అద్దాలు వచ్చాక పెద్ద అక్షరాల బైబిలు తీసి 23వ కీర్తన తెరుస్తాను. “యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు” అన్న మాటలు వారికి నోటికి వచ్చు కనుక, వేలు పెట్టి ఒక్కొక్క మాటను నోటిలో ఉన్న మాటతో జత చేయిస్తాను. అందులో “కాపరి”, “లేమి” వంటి తేలిక మాటలు ముందు పట్టుబడతాయి. ఆ మాటల్లోని అక్షరాలతో తమ పేరు, మనవడి పేరు, ఊరి పేరు రాయిస్తాను. ఒత్తులు వచ్చేసరికి చాలామంది వెనకడుగు వేస్తారు, అక్కడ నెలలు పట్టినా తొందరపడకూడదు. వారిలో ఒక ఆమె ఆరాధనలో మొదటిసారి లేచి వాక్యం చదివినప్పుడు వేలు వణుకుతూనే ఉంది, మధ్యలో రెండు సార్లు ఆగింది, సంఘమంతా ఊపిరి బిగబట్టి వేచి ఉంది. ఆ తరువాత ఆమె రేషన్ కార్డు మీద, మందు సీసా మీద ఉన్న మాటలు కూడా తానే చదువుకోవడం మొదలుపెట్టింది.

మా ప్రాంతం దోర్నకల్ అధ్యక్ష మండలానికి చెందినది. 1912లో బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య గారు, బాప్తిస్మం పొందినవారు తమ తలపై చేయి ఉంచుకుని “నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ” అని పలికేలా చేసేవారని మా పెద్దలు చెబుతారు. చదువు రాని కూలీలు పలికిన మాట అది. దానికి వయసు పరిమితి ఎవరూ పెట్టలేదు.


జవాబు: నరసాపురం నుండి, 81 ఏళ్లు (మనవరాలితో రాయించినది)

మాస్టారు గారూ, పైన చెప్పినవారందరూ నడవగలిగినవారి గురించి చెప్పారు. నేను మంచం దిగి వాకిలి వరకు వెళ్లాలన్నా మనిషి సాయం కావాలి. ముసలివాడవైనప్పుడు వేరొకడు నీకు నడుము కట్టి, నీకు ఇష్టం కాని చోటికి మోసుకుపోతాడని ప్రభువు పేతురుతో చెప్పిన మాట నాకు ఇప్పుడు ప్రతిరోజూ గుర్తుకొస్తుంది. చేయించుకోవడం కూడా నేర్చుకోవాలి. నాకు స్నానం చేయించే మనిషితో కోపంగా మాట్లాడకుండా ఉండడం, ఆమె పిల్లల సంగతి అడగడం, చేసిన పనికి మనస్ఫూర్తిగా సంతోషించడం నాకు ఇప్పుడు మిగిలిన సేవ.

ఇంకొకటి ఉంది. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. అందులో మనవరాలు పేర్లు రాస్తుంది: గల్ఫ్‌కు వెళ్లిన కుర్రవాడు, ఆపరేషన్ ఉన్న మనిషి, పెళ్లి కుదరని పిల్ల, అన్నదమ్ముల భూమి తగాదా. తెల్లవారుజామున నిద్ర పట్టదు కనుక ఆ పేర్లన్నీ ప్రభువు ముందు చెప్పుకుంటాను. కొన్నాళ్లకు ఫోన్ చేసి “నీ విషయం ఏమైంది?” అని అడుగుతాను. తమ సంగతి ఇంకా ఎవరికో గుర్తుందని వారు ఆశ్చర్యపోతారు. మీరు ప్రార్థన అన్న సలహా వద్దన్నారు, కానీ పేరు పేరునా చేసి, తరువాత విచారించే ప్రార్థనను మాత్రం తక్కువగా చూడకండి.


ప్రశ్నించినవారు

అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. నరసాపురం అమ్మగారి మాటను తలవంచి స్వీకరిస్తున్నాను. సంఘ పట్టీ తీసి చూస్తే రాలేకపోతున్నవారు నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది ఉన్నారు, వారిలో ఇద్దరు మా వీధిలోనే ఉన్నారు. ఒక ఇంటికి గురువారాలు వెళ్లడం మొదలుపెట్టాను. లెక్కలకు ఇద్దరు పిల్లలు కూడా దొరికారు.

ఒక సందేహం మిగిలింది. ఆ ఇంటి పెద్దాయన పింఛను, బ్యాంకు పనులు కూడా నన్నే చూసిపెట్టమంటున్నారు. ఎంతవరకు చేయవచ్చు?


జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

తప్పక సహాయం చేయండి, అయితే హద్దులు మొదటి రోజే చెప్పండి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం, అంటే తాము జీవించి ఉన్నామని తెలిపే పత్రం, ఇవ్వాలి. వారిలో 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుండే ఇవ్వవచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవారికి ఇప్పుడు ఫోన్ కెమెరాతో ముఖం చూపించి పత్రం సమర్పించే సౌకర్యం ఉంది, మంచం పక్కనే కూర్చుని పూర్తి చేయవచ్చు. మీవంటివారు చేయవలసిన సహాయం ఇదే.

ఏటీఎం కార్డు మీ దగ్గర ఉంచుకోవద్దు, పిన్ తెలుసుకోవద్దు, ఓటీపీ చదివి చెప్పమంటే వారి ఇంటివారితోనే చెప్పించండి. నామినీ మార్పు, వీలునామా, ఆస్తి కాగితాల జోలికి వెళ్లవద్దు, సాక్షి సంతకం కూడా పెట్టవద్దు. మీ మీద అనుమానం ఉండి ఈ మాట చెప్పడం లేదు. దూరాన ఉన్న బిడ్డలకు తరువాత ఒక్క ప్రశ్న తలెత్తినా, ఆ ఇంటికి మీ గురువారపు రాక ఆగిపోతుంది. ఏ పని చేసినా ఆ రోజే వారి కుమారుడికో కుమార్తెకో ఫోన్‌లో తెలియజేయండి. ఎక్కడైనా పెద్దవారిని ఇంటివారే పట్టించుకోకుండా వదిలేసినట్టు, లేదా హింసిస్తున్నట్టు కనిపిస్తే ఒంటరిగా వాదానికి దిగకండి. మీ కాపరి గారికి చెప్పి, వృద్ధుల సహాయ కేంద్రం 14567 నంబరుకు ఫోన్ చేయండి.