మసాదా చూడబోతున్నాం – యిగాయెల్ యాదిన్ తవ్వకాల గురించి చెప్పగలరా?

నిడదవోలు టీచర్:
నమస్తే అండీ. డిసెంబరులో మా సంఘం వాళ్ళతో ఇజ్రాయెల్ యాత్రకి వెళ్తున్నాను, మృత సముద్రం దగ్గరున్న మసాదా కొండకోట కూడా చూస్తాం. హైస్కూల్లో సోషల్ చెప్తాను కాబట్టి ముందే కాస్త చదువుకుంటున్నా. ఎక్కడ చూసినా యాదిన్ పేరే. 1949 నుంచి 1952 దాకా సైన్యాధిపతి, ఆ తర్వాత పురావస్తు శాస్త్రజ్ఞుడు, 1977లో ఉపప్రధాని. అలాంటి మనిషి తవ్వి చెప్పిన చరిత్రని ఎంతవరకు నమ్మొచ్చు? ఆయన పనిలో తప్పకుండా తెలుసుకోవాల్సింది ఏది?

తెనాలి లేఖరి:
టీచరు గారూ, మసాదా సంగతి ఇంకెవరైనా చెప్తారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసుకునే నాకు మాత్రం యాదిన్ అంటే బబాతా కాగితాలే.

మృత సముద్రం పక్కన నహల్ హెవెర్ అని ఒక లోయ. కొండచరియలో గుహ. రోమన్ల మీద యూదుల నాయకుడు బార్ కోఖ్బా చేసిన తిరుగుబాటు (క్రీ.శ. 132–135) చితికిపోతున్న రోజుల్లో కొన్ని కుటుంబాలు అందులో దాక్కున్నాయి. సరిగ్గా నెత్తిమీద రోమన్ సైన్యం శిబిరం వేసుకుంది. 1960లో యాదిన్ బృందం మందుపాతరలు పట్టే యంత్రాన్ని ఆ గుహ నేలమీద తిప్పితే కంచు సామాను బయటపడింది. బార్ కోఖ్బా పంపిన ఉత్తరాలూ ఆ ఏడే దొరికాయి. మరుసటి ఏడు ఒక తోలుసంచిలో 35 పత్రాలు. అన్నీ బబాతా అనే ఒక్క ఆడమనిషి దాచుకున్నవి.

127లో ఆవిడ తన నాలుగు ఖర్జూర తోటలు రోమన్ అధికారి దగ్గర నమోదు చేయించింది. ప్రతి తోటకీ పేరు, విస్తీర్ణం, పన్ను, హద్దులు అన్నీ ఉన్నాయి. ఒక తోటకి హద్దులు బాట, సముద్రం! విస్తీర్ణం చెప్పడానికి ఎంత బార్లీ విత్తనం పడుతుందో రాశారు. మన పాత శాసనాల్లో తూమెడు, పుట్టెడు విత్తనాల నేల అన్నట్టే. ఆవిడకి రాయడం రాదు, రెండో భర్తే ఆవిడ తరఫున రాశాడు.

కొన్ని పత్రాలు కట్టిన తీరు చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఒకే సంగతి రెండుసార్లు రాస్తారు. పై ప్రతిని చుట్టి దారంతో కట్టేస్తారు, ముడుల వెంబడి వెనకవైపు సాక్షులు సంతకాలు పెడతారు. కింది ప్రతి చదువుకోవడానికి వదిలేస్తారు. తగాదా వస్తే ముడి విప్పి సరిచూడటమే. దిద్దుబాటుకి సందు లేదు.

ఇక ఆవిడ కష్టం. మొదటి భర్త పోయాక పిల్లాడికి పెట్టిన ఇద్దరు సంరక్షకులు నెలకి రెండు దేనారాలు (రోమన్ వెండి నాణేలు) మాత్రమే ఇచ్చేవారు. చాలడంలేదని గవర్నరు దాకా వెళ్ళింది. పిల్లాడి సొమ్ము నా చేతికివ్వండి, నా ఆస్తి హామీ పెడతాను, వాళ్ళకంటే మూడు రెట్లు వడ్డీ కడతాను అంది. 132 ఆగస్టు నాటి రసీదు చూడండి: మూడు నెలలకి ఆరు దేనారాలు. అన్నేళ్ళు పోరాడినా పైసా పెరగలేదు. ఆ తర్వాత ఆవిడ కాగితం ఒక్కటీ లేదు.

యాదిన్ తండ్రి సుకెనిక్ 1947లో మృత సముద్రపు చుట్టలని (అక్కడి గుహల్లో దొరికిన పాత యూదు రాతప్రతులని) వ్యాపారుల దగ్గర కొనాల్సి వచ్చింది. ఈ కట్ట అలా కాదు, ఉన్నచోటే దొరికింది. పక్కనున్న చెప్పులు, అద్దం, తాళంచెవులు చూస్తేనే అది పారిపోయి వచ్చినవాళ్ళ సామానని తెలుస్తుంది. నాకున్న ఫిర్యాదు ఒకటే. గ్రీకు పత్రాలు పూర్తిగా అచ్చయింది 1989లో, అప్పటికి యాదిన్ చనిపోయి ఐదేళ్ళు.

ఓరుగల్లు చరిత్ర:
మసాదా గురించి క్లుప్తంగా. 1963–65లో తవ్వారు. రోమన్లు ముట్టడించినప్పుడు అక్కడ 960 మంది యూదులు శత్రువుకి చిక్కకూడదని ప్రాణాలు తీసుకున్నారనీ, చివరి పదిమంది చీట్లు వేసుకున్నారనీ రాసింది ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్. యాదిన్‌కి పేర్లు రాసిన 11 కుండపెంకులు దొరికాయి, ఒకదానిమీద "బెన్ యాయిర్" అని ఉంది, అది అక్కడివాళ్ళ నాయకుడి పేరు. ఆ చీట్లు ఇవే కావచ్చన్నాడు. పెంకులు నిజం, ఆ ముడిపెట్టడం మాత్రం ఆయన ఊహ. దొరికిన ఎముకలకి 1969లో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. అవి ఎవరివన్నది ఇప్పటికీ వివాదమే. ఆయన ఏం తవ్వాడో నమ్మండి, ఏం చెప్పాడో తూచి చూడండి. పైకెక్కి చూస్తే రోమన్ శిబిరాల గోడలు, ముట్టడికి పోసిన మట్టికట్ట మాత్రం ఎవరూ కాదనలేని సాక్ష్యం.

జగిత్యాల – జెరూసలేం:
మేడం, నేను ఈడ ముసలోళ్ళను చూసుకునే పని చేస్త. మసాదాకు రెండుమూడు మాట్ల పోయిన. పొద్దుగాల్నే పోవాలె, నీళ్ళు బాగ పట్టుకోవాలె. పాముబాట అని నడక దారుంటది, మోకాళ్ళు బాగలేకపోతే కేబుల్ కార్ ఎక్కుర్రి. బస్సు జెరూసలేం నుంచి కుమ్రాన్, ఏన్ గెదీ దాటి పోతది. లేఖరి సారు చెప్పిన లోయ ఏన్ గెదీ దాటినంక వస్తది. గుహ కాడికి పోవుడు అల్కగ కాదు గని కొండలు కనవడాలంటే పోయేటప్పుడు కుడిదిక్కు కూసోర్రి. ఎడమదిక్కు అంత సముద్రమే.

నిడదవోలు టీచర్:
అందరికీ థాంక్సండీ. లేఖరి గారూ, బబాతా రెండో భర్తకి ఏన్ గెదీలో తోటలేమైనా ఉండేవా? ఆ ఊరు మా దారిలోనే ఉంది.

తెనాలి లేఖరి:
ఏన్ గెదీలో ఆయనకి ఇంటి వాకిలి ఉన్నట్టు పత్రాల్లో ఉందమ్మా, తోటలు మాత్రం మహోజా అనే ఇంకో ఊళ్ళోవి. ఆయన చనిపోయాక, తన కట్నం సొమ్ముకీ అప్పుకీ జమగా బబాతా ఆ తోటల్ని పట్టుకుంది. అప్పు 300 దేనారాలు, దానికీ పత్రం ఉంది. ఆయనకి ఇంకో భార్య ఉంది, మిరియమ్. ఆస్తి మీద ఇద్దరికీ కోర్టు తగాదా. ఆ కాగితాలూ అదే సంచిలో ఉన్నాయి.