ఫర్నేస్ మధ్యలో ఆగిపోతోంది, లిమిట్ స్విచ్ మార్చాలా?

నోవై నుంచి:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి మిషిగన్ వచ్చి మూడు నెలలైంది, అద్దె ఇల్లు. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్‌లో మంట వెలుగుతుంది, అయిదారు నిమిషాలకు ఆరిపోతుంది, ఫ్యాను మాత్రం చల్లగాలి కొడుతూనే ఉంటుంది. కాసేపటికి మళ్లీ ఇదే వరుస. వేడి మితిమీరితే మంట ఆపే హై లిమిట్ స్విచ్ పోయి ఉంటుందని ఒకరన్నారు. యజమానేమో ‘మీరే కొని వేసుకోండి, అద్దెలో తగ్గిస్తాను’ అంటున్నారు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. కొత్త స్విచ్ వచ్చేదాకా ఆ రెండు వైర్లూ కలిపేస్తే నడుస్తుందా?

కాంటన్ నుంచి:
వైర్లు మాత్రం కలపకండి తమ్ముడూ. ఫ్యూజు పోతే లావు తీగ చుట్టి పని గడుపుకున్న చేతులు మనవి, ఆ విద్య ఇక్కడ వద్దు. ఆ స్విచ్ కాపలా లేకపోతే మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం, అదే హీట్ ఎక్స్‌ఛేంజర్, అతిగా కాగి పగుళ్లు రావచ్చు. పగులులోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వస్తే వాసన కూడా తెలియదు.

మీరు చెప్పినదాన్ని బట్టి స్విచ్ తన పని తాను చేస్తున్నట్టే ఉంది. వేడి మితిమీరగానే గ్యాస్ ఆపుతుంది, ఫ్యాను తిరిగి లోపల చల్లారాక మళ్లీ కలుస్తుంది. పూర్తిగా పోయిన స్విచ్ అయితే చాలాసార్లు అసలు మంటే రాదు. వేడి బయటికి ఎందుకు పోవడం లేదో చూడండి. గాలిలో దుమ్ము పట్టే ఫిల్టర్ లాగి దీపానికి ఎదురుగా పట్టుకోండి, వెలుతురు కనిపించకపోతే మార్చండి. దాని మీది బాణం ఫర్నేస్ వైపు ఉండాలి. దుమ్ము పడదని ఒక అంగుళం మందంలో మెర్వ్ 13 రకం, అంటే మరీ సన్నని దుమ్మును కూడా పట్టే ఫిల్టర్, వేసి ఉంటే అది కొన్ని ఫర్నేసులకు ఊపిరాడనివ్వదు.

గ్యాస్ ఆదా అవుతుందని గదుల్లో గాలి జాలీలు మూశారా? మా మొదటి చలికాలం నేనూ మూశాను. పైగా హాల్లో గాలి వెనక్కి లాగే పెద్ద జాలీకి ఆనించి సోనామసూరి బస్తాలు పేర్చాను. వచ్చిన మెకానిక్ బస్తాలు పక్కకు జరిపి, బిల్లు రాసి వెళ్లిపోయాడు.

నోవై నుంచి:
అన్నగారూ, మా జాలీ ముందు నాలుగు సూట్‌కేసులున్నాయి! ఫిల్టర్ బూడిదరంగు దుప్పటిలా ఉంది.

ట్రాయ్ నుంచి:
అవి తీశాక కూడా ఆగిపోతే, కింది తలుపుకున్న చిన్న అద్దంలోంచి లోపలి సర్క్యూట్ బోర్డు మీది చిన్న దీపం ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టండి. ఆ లెక్కకు అర్థం చాలావాటిలో తలుపు వెనక స్టిక్కర్ మీదే ఉంటుంది.

స్విచ్ నిజంగా పోయిందో లేదో కరెంటు ఆపి, వైర్లు ఊడదీసి మల్టీమీటర్‌తో చూస్తారు. చల్లగా ఉన్నప్పుడు స్విచ్ లోపల కరెంటు దారి కలిసి ఉండాలి. మార్చాల్సివస్తే చూడటానికి ఒకేలా ఉందని ఏదో ఒకటి కొనకూడదు. స్విచ్ మీద ఎల్190-30ఎఫ్ అని ఉంటే 190 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర తెగి, 30 తగ్గాక, అంటే 160 దగ్గర, కలుస్తుందని. ఎక్కువ డిగ్రీలది వేస్తే కాపలావాడికి కళ్లు కట్టినట్టే. ఫర్నేస్ మోడల్ నంబరుతో వెతకండి. కడ్డీ ఉన్న రకమైతే దాని పొడవూ కలవాలి.

అయినా ఇది మీ పని కాదు. మిషిగన్ చట్టం ప్రకారం అద్దె ఇంటిని మరమ్మతులో ఉంచాల్సింది యజమానే. లైసెన్సున్న మెకానిక్‌ను పంపమని ఈమెయిల్‌లో రాయండి, ఫోను మాటలు నిలవవు.

నోవై నుంచి, నాలుగు రోజుల తర్వాత:
సూట్‌కేసులు తీసి, ఫిల్టర్ మార్చాక బాగా తగ్గింది గానీ రాత్రిళ్లు ఒకటి రెండుసార్లు ఆగింది. యజమాని మెకానిక్‌ను పంపారు. ఫ్యాను మోటారు కెపాసిటర్ పైభాగం పూరీలా ఉబ్బిపోయి ఉంది, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందట. అది మార్చారు, స్విచ్ పాతదే. పడకగదుల బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాను. సూట్‌కేసులు ఇప్పుడు మంచం కింద ఉన్నాయి, అక్కడా ఒక జాలీ కనిపించింది, మళ్లీ తీయాలి.