ఎలుకల్లో పనిచేసిన జ్ఞాపకశక్తి మందులు పోటీ పరీక్షల పిల్లలకు తగునా?

ఒక తండ్రి, హన్మకొండ:
మా అబ్బాయి నీట్ పరీక్షకు రెండోసారి సిద్ధమవుతున్నాడు. మొన్న ఆదివారం హాస్టల్‌కు వెళ్తే నోట్సు కింద, జ్ఞాపకశక్తి పెరుగుతుందని వాడే పిరాసెటం మాత్రల పట్టీ కనబడింది. పదింటిలో నాలుగు అప్పటికే అయిపోయాయి. డాక్టరు చీటీ లేకుండానే కొన్నాడట. ఎలుకల్లో జ్ఞాపకశక్తి పెరిగిందని శాస్త్రవేత్తలే చెప్పారు గదా, మనుషుల్లో ఎందుకు పెరగదని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఫార్మకాలజీ అధ్యాపకురాలు, వరంగల్:
సార్, మీ అబ్బాయి మాటలో సగం నిజముంది, అందుకే కొంచెం వివరంగా చెప్పవలసి వస్తున్నది. అతి తక్కువ మోతాదులో స్ట్రిక్నిన్ ఇచ్చిన ఎలుకలు చిక్కుదారిని త్వరగా నేర్చుకున్నాయని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ 1917లోనే ప్రకటించాడు. ఆ స్ట్రిక్నిన్ మన అడవుల్లోని ముష్టి గింజలో ఉండే విషమే. తరువాత జేమ్స్ మెక్‌గా అనే మరో అమెరికా శాస్త్రవేత్త, శిక్షణ ముగిశాక ఇలాంటి మందును సూదితో ఇచ్చినా మరునాటి జ్ఞాపకం మెరుగుపడుతుందని చూపాడు. అంటే మందు ఎలుకను హుషారుగా పరుగెత్తించడం కాదు, నేర్చినది మెదడులో కుదురుకునే పనికే తోడ్పడిందన్నమాట. అయితే ఇలాంటి మందుల మోతాదు ఒక హద్దు దాటితే జ్ఞాపకం చెడిపోతుంది; స్ట్రిక్నిన్ అయితే ప్రాణమే తీస్తుంది.

ఎం.ఫార్మసీలో నేనూ ఈ ప్రయోగం చేశాను. పాలపొడి కలిపి మసకబార్చిన నీటి తొట్టిలో, పైకి కనబడకుండా దాచిన చిన్న దిమ్మెను ఎలుక ఎన్ని సెకన్లలో చేరుతుందో స్టాప్‌వాచ్‌తో కొలిచేవాళ్లం, తరువాత తువ్వాలుతో తుడిచి బోనులో వదిలేవాళ్లం. ఆ ఎలుకలకు ముందుగా స్కోపోలమిన్ ఇచ్చి మతిమరుపు కలిగించేవాళ్లమన్న సంగతి మాత్రల ప్రకటనల్లో ఉండదు. పోగొట్టిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చిన మందు, ఆరోగ్యంగా ఉన్నవాడి జ్ఞాపకాన్ని పెంచుతుందని దానివల్ల రుజువు కాదు. పిరాసెటం 1964లో బెల్జియంలో తయారైంది, కానీ ఆరోగ్యవంతులైన యువతలో దాని మేలు ఈనాటికీ నమ్మదగినంతగా తేలలేదు. ఇంకొక మాట: ఎలుకలు వాంతి చేసుకోలేవు, కాబట్టి మందుతో వాంతులవుతాయా అన్నది వాటిలో తేలదు. జంతువుల్లో జ్ఞాపకాన్ని బాగా పెంచిన రోలిప్రామ్ అనే మందు మనుషుల దగ్గరకు వచ్చేసరికి వికారం, వాంతుల వల్లనే నిలవలేకపోయింది.

ఉద్యోగ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్:
మేడమ్, మీ వివరాలను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. రాత్రి రెండింటికి చాయ్ తాగి చదివేవాణ్ని ఎవరూ తప్పుపట్టరు, కెఫీన్ కూడా మందే. బాసరలో అక్షరాభ్యాసం చేయించి, సరస్వతి లేహ్యం తినిపించిన పెద్దలే మాత్ర అనేసరికి ఉలిక్కిపడుతున్నారు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మంచిచెడ్డలు తెలుసుకుని, డాక్టరు పర్యవేక్షణలో ఒక మందు వాడుకోవాలనుకుంటే నన్ను ఆపే హక్కు ఎవరికుంది? భయపడి అందరూ వెనక్కి తగ్గితే, రేపు మతిమరుపు వ్యాధి వచ్చిన మా నానమ్మ లాంటివారికి మందు ఎక్కడినుంచి వస్తుంది?

ఫార్మకాలజీ అధ్యాపకురాలు:
మీ నానమ్మ గారి విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు తమ్ముడూ, ఈ పరిశోధన జరగవలసింది అలాంటివారి కోసమే. డాక్టరు పర్యవేక్షణ అన్నారు, మన చర్చలో లేనిది అదే: ఈ పిల్లవాడు చీటీ లేకుండా కొన్నాడు. మూలికలకూ ఇదే కొలత పెడతాను. బ్రాహ్మి పేరుతో అమ్మే నీటి సాంబ్రాణి మొక్కపై మనుషుల్లో జరిగిన పరీక్షల్లో, పన్నెండు వారాలు వాడిన తరువాత కొంత మేలు కనబడింది. పరీక్ష ముందు వారం మింగితే వచ్చేదేమీ లేదు.

అసలు నన్ను బాధపెట్టేది వేరే. మా ఎలుక రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి నిమిషానికి మించకుండా ఈదేది. మిగతా పొద్దంతా తిని పడుకునేది. పద్నాలుగు గంటలు బల్ల ముందు కూర్చుని ఐదు గంటలు కూడా నిద్రపోని పిల్లవాడికి ఆ ఎలుకతో పోలికే లేదు. పగలు చదివినది బాగా కుదురుకునేది నిద్రలోనే.

ఉద్యోగ పరీక్షల అభ్యర్థి:
పిల్లల వరకు ఒప్పుకుంటాను. పెద్దవాళ్ల హక్కు గురించి నా మాట మారలేదు.

ఒక తండ్రి:
మిగిలిన ఆరు మాత్రలు నా దగ్గరే ఉన్నాయి, రేపు వాణ్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నాను. ఇదంతా ఫోన్‌లో చదివి వినిపిస్తే వాడు అడిగింది ఒక్కటే: ఆ ఎలుకలు రోజుకు ఎన్ని గంటలు నిద్రపోయేవని.

ఫార్మకాలజీ అధ్యాపకురాలు:
దాదాపు పన్నెండు గంటలు సార్, ఎక్కువగా పగటిపూట.