సింహాసనం మీది యేసు గురించి యువకులకు ఏమని చెప్పాలి?

చిత్తూరు దగ్గర ఒక చిన్న సంఘంలో యువకులకు బైబిలు పాఠం చెబుతుంటాను. విషయం తెలిసినవారి సలహా కోరుతున్నాను. ఈసారి మా ఉజ్జీవ సభల ఫ్లెక్సీలో యేసుప్రభువు బంగారు కిరీటంతో సింహాసనం మీద కూర్చున్నాడు, పక్కన గర్జిస్తున్న సింహం, కింద వరుసగా దాతల ఫోటోలు. పేరు తీసేస్తే ఎన్నికల ఫ్లెక్సీయే అనుకోవచ్చు.

యేసును ఇలా రాజులా, యోధుడిలా చూపడం మన దగ్గరే పుట్టిన అలవాటు కాదు. 312లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ తన యుద్ధవిజయాన్ని క్రీస్తుకు ఆపాదించాడు. ఇటలీలోని రవెన్నాలో ఒక మొజాయిక్‌లో (రంగురాళ్లు పొదిగిన చిత్రంలో) క్రీస్తు ఏకంగా రోమా సైనికుడి దుస్తుల్లో కనిపిస్తాడు. 9వ శతాబ్దంలో జర్మను జాతివారైన శాక్సన్‌ల కావ్యమొకటి శిష్యులను దొరను కొలిచే యోధులుగా చిత్రించింది.

అధికారులు ప్రభుత్వము చేయుదురు గాని మీలో ఆలాగుండకూడదన్న మార్కు 10వ అధ్యాయాన్ని, శిష్యుల పాదాలు కడిగిన యోహాను 13వ అధ్యాయాన్ని నేను చూపితే, ఒక కుర్రవాడు బైబిలు చివరి గ్రంథమైన ప్రకటన 19లో తెల్లని గుర్రమెక్కి వచ్చే క్రీస్తును, ఆయన నోట నుండి వచ్చే ఖడ్గాన్ని చూపి, “ఇది మాత్రం బైబిలు కాదా సార్?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అదే గ్రంథం 5వ అధ్యాయంలో యేసు గురించి ‘యూదా గోత్రపు సింహం’ అని వినిపించాక కనిపించేది వధింపబడిన గొఱ్ఱెపిల్లే. 19వ అధ్యాయాన్ని కూడా ఆ వెలుగులో చదవడం సబబేనా, లేక నేనూ నాకు నచ్చిన యేసునే మలచుకుంటున్నానా? ఫ్లెక్సీ వేయించిన పెద్దలను (వారి భక్తిని నేను శంకించను) నొప్పించకుండా ఈ పాఠం ఎలా చెప్పాలో, ఇందుకు పనికివచ్చే తెలుగు వ్యాఖ్యానాలేమున్నాయో దయచేసి తెలుపగలరు.